దొర నీళ్లు తాగిండా?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, కొత్తగా చేతికొచ్చిన డిగ్రీ, చొక్కా జేబులో ఎరుపు, నీలం రెండు పెన్నులు. ఈ మూడూ ఉన్నవాడికి లోకంలో నేర్చుకోవలసింది ఇంకేం మిగులుతుంది చెప్పండి? ఒకటీ అరా తెలియనివి ఉన్నా, ‘నాకు తెలియదు’ అనే రెండు మాటలు నోట్లోంచి బయటికి వచ్చేవి కావు. ఇప్పుడు ఆ కుర్రాణ్ని తలచుకుంటే చెవి పట్టుకుని మెలిపెట్టాలనిపిస్తుంది. ఆ వెంటనే, పాపం, వాడు పడ్డ పది రోజుల పాట్లు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి వస్తుంది. ఆ పది రోజుల సంగతే ఇది.

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు ఇంకా లేని కాలం. జనగామ వైపు నుంచి వచ్చి, చిల్కానగర్‌లో మా అక్కావాళ్ల ముందుగదిలో మకాం పెట్టి, నాచారంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో జీవశాస్త్రం టీచరుగా చేరాను. మా కరస్పాండెంట్‌ను పిల్లలు ‘తాళాల సార్’ అనేవారు. బడి తాళాలన్నీ ఒక ఇనుప రింగుకు గుచ్చి, దాన్ని చూపుడు వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతూ నడిచేవారు. ఆ గలగల మెట్ల దగ్గర వినపడితే పై అంతస్తులో పిల్లలు పుస్తకాలు తెరిచేవారు, టీచర్లు కుర్చీలోంచి లేచేవారు (నేను రెండూ చేసేవాణ్ని). ఒకరోజు ఆ గలగల సరిగ్గా నా వెనకాల ఆగింది.

“నువ్వు జువాలజీ సదివినవ్ గద?” అన్నారు.

“చదివిన సార్.”

“అంటె జంతువులే గద?”

“జంతువులే సార్.”

“అయితే తొమ్మిదో తరగతికి శనివారం ఆఖరి పీరియడ్ నీదే. పెంపుడు జంతువుల శాస్త్రం, వాటి సంరక్షణ. కుక్క, పిల్లి, వాటి తిండి, వాటి రోగాలు, వాటితోని ఎట్ల మెలగాలె, అంతా చెప్పు. పిల్లలకు కుక్కలంటే భయమన్న ఉండాలె, తెలివన్న ఉండాలె. రెండూ లేకుంటెనే కష్టం.”

నేను డిగ్రీలో చూసిన జంతువులన్నీ మైనం పోసిన ట్రేలో గుండుసూదులతో గుచ్చి ఉన్నవే. బొద్దింక, వానపాము, కప్ప. వాటిలో ఒక్కటీ నా మీదికి వచ్చే స్థితిలో ఉండేది కాదు. కుక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణభయం. మా ఊళ్లో కుక్క కనపడితే బర్రెల మందను అడ్డం పెట్టుకుని నడిచినవాణ్ని. ఆ ముక్క అప్పుడే చెప్పేస్తే ఈ కథే లేదు. “తప్పకుండా సార్, నాకు ఇష్టమైన సబ్జెక్టు” అన్నాను. కొత్త సబ్జెక్టుంటే బడి కరపత్రంలో వేసుకోవడానికి బాగుంటుందని ఈయన ఎత్తుగడ కాబోలు అని మనసులో నవ్వుకున్నాను కూడా.

నిజం చెప్పాలంటే మొదటి నాలుగు శనివారాలు నేను ఇరగదీశాను. పాత పుస్తకాల కొట్టులో దొరికిన ఒక లావుపాటి పుస్తకం ముందురోజు చదువుకోవడం, మర్నాడు పుట్టుకతోనే తెలిసినట్టు చెప్పడం. కుక్క తోక కాళ్ల మధ్య పెడితే అర్థమేమిటి, చెవులు వెనక్కి వాలిస్తే అర్థమేమిటి, పిల్లికి పాలకన్నా మంచినీళ్లు ఎందుకు ముఖ్యం, కుక్కపిల్లకు నట్టల మందు ఎప్పుడు వేయాలి, టీకా ఎప్పుడు వేయించాలి, అన్నీ చెప్పాను. బోర్డు మీద నేను వేసిన కుక్క బొమ్మను చూసి వెనక బెంచీలో ఒకడు “మేకా సార్?” అన్నాడు గానీ, మిగతా అంతా పువ్వుల్లో పెట్టినట్టు సాగింది. ముఖ్యంగా నేను డిక్టేట్ చేసిన ఏడు సూత్రాలు పిల్లలు ఎక్కాల్లాగా అప్పజెప్పేవారు. మొదటి సూత్రం, తింటున్న కుక్క జోలికి పోరాదు. ఏడో సూత్రం, కుక్క కరిస్తే దాచరాదు. పారే నీళ్లలో సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే దవాఖానాకు పోవాలి. పసుపు, సున్నం, కారం పెట్టరాదు. ఏడో సూత్రం కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీయించాను.

ఆ తరగతిలో ఒక అమ్మాయిని అందరూ ‘క్వశ్చన్ పేపర్’ అనేవారు. తండ్రిది రైల్వే ఉద్యోగం, విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చారు. రెండు జడలు, పెద్ద కళ్లద్దాలు, పాఠం చెప్తున్నంతసేపూ సగం లేచి ఉన్న చెయ్యి. “సార్, బోర్డు మీద కుక్క బాగానే ఉంది. నిజం కుక్కను ఎప్పుడు చూపిస్తారు సార్?” అంది ఐదో వారానికి. నలభై మంది ఒక్కసారిగా “అవును సార్!” అన్నారు. “వచ్చే శనివారమే” అంది నా నోరు. దాన్ని ఆపే అధికారం నాకెప్పుడూ ఉండేది కాదు.

నిజం కుక్క బడిలోనే ఉంది. బడి వెనక గదిలో కాపురముండే మా ఆయమ్మ పెంచుకుంటున్న గోధుమరంగు ఊరకుక్క. దానిపేరు దొర. ఆ పేరేమిటమ్మా అంటే ఆయమ్మ నవ్వేది. “మా ఊళ్ల దొర పిలిస్తె మా అయ్య ఉరికెటోడు సారూ. గిప్పుడు నేను పిలిస్తె దొర ఉరికొస్తడు. జర పానం సల్లగుంటది.” ఆయమ్మకు పిల్లల్లేరు. మధ్యాహ్నం ఆవిడ గిన్నెలో ఏం తింటే దొర అదే తినేవాడు, ఆవిడ ఊడ్చినంతసేపూ ఆ చీపురు వెంటే తిరిగేవాడు. బడి మొత్తంలో దొరకు దూరంగా నడిచేవాళ్లం ఇద్దరమే, నేనూ, తాళాల సారూ. ఆయన దొరను చూడగానే తాళాలు తిప్పడం ఆపి గోడవారగా వెళ్లిపోయేవారు. కరస్పాండెంట్ హోదాకు కుక్కలు సరిపడవు కాబోలనుకునేవాణ్ని.

శనివారం పిల్లల ముందు పరువు పోకుండా శుక్రవారం సాయంత్రం ఒకసారి రిహార్సల్ చేద్దామనుకున్నాను. బడి వదిలారు, ఆయమ్మ పైన గదులు ఊడుస్తోంది, నీళ్ల ట్యాంకు వెనకాల దొరా నేనూ. బిస్కెట్ పొట్లం విప్పి నాలుగు కింద పెట్టాను. దొర తింటున్నాడు. తోక ఊగుతోంది. మొహం ప్రశాంతంగా ఉంది. పుస్తకంలో ‘పళ్లను బట్టి కుక్క వయసు చెప్పడం’ అనే బొమ్మ నాకు బాగా నచ్చింది. రేపు అది చూపిస్తే క్వశ్చన్ పేపర్ నోరు మూతపడుతుంది. పుస్తకం ఎడమ చంకలో పెట్టుకుని, వంగి, బొమ్మలో ఉన్నట్టే దొర పైపెదవి ఎత్తాను. మొదటి సూత్రం రాయించినవాడు మొదటి సూత్రాన్ని మరిచిపోయాడు! దొర పెద్దగా ఏమీ అనలేదు. ‘గుర్’ అని ఒక్క ముక్క అన్నాడు, నా మణికట్టు అందుకున్నాడు, వదిలేశాడు, మళ్లీ బిస్కెట్లు తినసాగాడు. రెండు పళ్ల గాట్లు. నెత్తురు మెల్లగా బొట్లు కట్టింది.

పావుగంట సబ్బుతో కడిగాను. ఆ సాయంత్రం నేను చేసిన తెలివైన పని అదొక్కటే. దవాఖానాకు పోవాలి. తెలుసు. ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీయించినవాణ్ని, నాకు తెలియదా? కానీ మా చిన్నాయనకు ఎప్పుడో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేశారు. ఆయన ప్రతి పెళ్లిలోనూ చొక్కా ఎత్తి అవెక్కడెక్కడ గుచ్చారో చూపించేవాడు. ఇప్పుడు ఆ పద్ధతి పోయిందనీ, చేతికి నాలుగైదు వేస్తారనీ నేనే పిల్లలకు చెప్పాను. చెప్పింది నేనే, నమ్మనిదీ నేనే. పైగా ఈ సంగతి తెలిస్తే తాళాల సార్ ఏమంటారు? కుక్కల మాస్టారునే కుక్క కరిచిందంటే నాచారం నుంచి మల్లాపూర్ దాకా నవ్వరా? ఉద్యోగం ఉంటుందా? అన్నిటికంటే, కరిచిన కుక్కను మనవాళ్లు బతకనిస్తారా? ఇన్ని ఆలోచించి పుస్తకం తెరిచాను. ‘వెంటనే టీకా మొదలుపెట్టాలి, దాంతోపాటు కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి, ఆ పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే భయం లేదు’ అని ఉంది. మొదటి ముక్కను నా కళ్లు దాటేశాయి. మిగతా రెండు ముక్కలూ నన్ను కావలించుకున్నాయి. పదో రోజుకు దొర బతికి ఉంటే నేనూ బతికి ఉంటాను, ఎవరికీ చెప్పనక్కర్లేదు. (ఇది చదువుతున్నవాళ్లెవరూ ఈ లెక్క వేయకండి. ఇది చదువుకున్న మూర్ఖుడి లెక్క.)

దొరను రోజంతా కనిపెట్టుకుని ఉండటం ఎలా? నాకు రోజుకు ఏడు పీరియడ్లు. రాత్రంతా దొర్లి దొర్లి ఒక ఉపాయం కనిపెట్టాను. మర్నాడు ఎండ మండిపోతున్నా పూర్తి చేతుల చొక్కా వేసుకుని క్లాసుకు వెళ్లి, “ఇవాళ దొరను క్లాసుకు తీసుకురావటం లేదు. శాస్త్రం అంటే పరిశీలన. పది రోజులు మీరే దొరను గమనించి రాయాలి. ఇద్దరిద్దరు చొప్పున వంతులు” అని పెద్ద డ్రాయింగ్ షీటు గోడ మేకుకు తగిలించాను. గళ్లు గీశాను. తిన్నాడా, నీళ్లు తాగాడా, చొంగ కారుతోందా, నడక సరిగ్గా ఉందా, గొంతు మారిందా. పిల్లలు చప్పట్లు కొట్టారు. క్వశ్చన్ పేపర్ చెయ్యి లేచింది.

“సార్, పది రోజులే ఎందుకు సార్? వారం ఎందుకు కాదు?”

“పది గుండ్రని సంఖ్య కదమ్మా.”

“మరి చొంగ గడి ఎందుకు సార్? స్నానం గడి లేదు, నిద్ర గడి లేదు.”

“సిలబస్‌లో ఉంది. కూర్చో.”

కూర్చుంది. కళ్లద్దాల్లోంచి నా మొహం, అక్కణ్నుంచి నా చొక్కా చేతుల బొత్తాలు చూసింది. నేను బోర్డు తుడవడం మొదలుపెట్టాను, దాని మీద ఏమీ రాయకపోయినా.

ఆ రోజుల్లో నా బతుకంతా ఆ షీటే. పొద్దున గేటు తోసుకుని ప్రార్థనకన్నా ముందు దాని దగ్గరికి పరుగెత్తేవాణ్ని. ‘నీళ్లు తాగాడు’ అని చదివితే ఆ పూటకు అన్నం సయించేది. ఆదివారం బడి లేకపోయినా ‘పేపర్లు దిద్దాలి’ అని వచ్చి ట్యాంకు వెనకాల గంటసేపు దొర ఎదురుగా కూర్చున్నాను. దొర నా వైపు చూసి ఆవులించాడు. ఆవులింత ఏ గడిలో రాయాలో తెలియక ఇంకో గంట భయపడ్డాను. ఈ పిచ్చికుక్క జబ్బు సోకినవాళ్లకు నీళ్లంటే భయం పుడుతుందని పుస్తకంలో చదివాను కదా, ఇంట్లో నన్ను నేను పరీక్షించుకునేవాణ్ని. ఒక గ్లాసు తాగడం, భయమేసిందా లేదా అని కాసేపు ఆలోచించడం, మళ్లీ ఒక గ్లాసు. మా అక్క మూడో రోజు రొట్టె కాలుస్తూ పట్టేసింది. “ఏందిరా తమ్మీ, నిమిషానికోపారి నీళ్లు తాగుతున్నవ్? గీ వయసుల్నే షుగర్ వచ్చిందా ఏంది? జర డాక్టర్‌కు సూపించుకో.” డాక్టర్ అనే మాట వినగానే నీళ్లు ముక్కులోకి వెళ్లి దగ్గొచ్చింది. నీళ్లు మింగలేకపోతున్నాననుకుని ఆ రాత్రంతా నిద్రలేదు.

మంగళవారం షీటు మీద స్పష్టంగా రాసి ఉంది. ‘నీళ్లు తాగలేదు. గిన్నె నిండుగా ఉంది.’ ఎనిమిదో తరగతికి కిరణజన్య సంయోగక్రియ చెప్పాలి, ఏం చెప్పానో ఆ పిల్లలకే తెలియాలి. ఇంటర్వెల్ గంట కొట్టగానే ఆయమ్మ గదికి పరుగు. “ఆయమ్మా, దొర నీళ్లు తాగిండా?”

ఆయమ్మ చీపురు పక్కన పెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. “తాగలే సారూ. పొద్దుగాల సర్వెడు గట్క పోసిన. మొత్తం గుంజిండు. ఇంక నీళ్లేడ పడ్తయి కడుపుల?” అని, మళ్లీ చీపురు అందుకుంటూ, “సారూ, నా మొగడు గూడ ఎన్నడు అడగలే నువ్వు నీళ్లు తాగినవా అని. దొర నసీబు మంచిగున్నది” అంది. నాకు ఆవిడ కాళ్లమీద పడాలనిపించింది. పడలేదు గానీ, అక్కడే గుమ్మంలో కూలబడి, దొర గిన్నెకు అంటుకున్న ఆ జొన్న సంకటిలాంటి గట్కను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

గురువారం, అంటే ఆరో రోజు, షీటు మీద గడులన్నీ ఖాళీ. ఆయమ్మ గది బయట రాత్రిళ్లు దొరను కట్టేసే తాడు కూడా లేదు. ఆయమ్మ ఊడుస్తోంది గానీ చీపురు వెంట ఎవరూ లేరు. “యాన్యువల్ డే ఉన్నది, పెద్దపెద్దోళ్లు వస్తరు, కుక్క కనపడొద్దు అన్నడు పెద్దసారు. మా తమ్మునితోని దమ్మాయిగూడ పంపిన. ఆడ కొత్త కాలనీల వాచ్‌మన్ ఉన్నడు” అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, కానీ కారణం వేరు. ఇంకా నాలుగు రోజులు మిగిలి ఉన్నాయి. దొర కళ్ల ముందు లేకపోతే నా లెక్కంతా గాల్లో దీపం.

ఆఖరి పీరియడ్ ఎగ్గొట్టి, ఆయమ్మను వెంటబెట్టుకుని, రెండు ఆటోలు మారి దమ్మాయిగూడ చేరాను. అప్పట్లో అక్కడన్నీ సగం లేచిన ఇళ్లు, పునాదులు, పేరుకు మాత్రం ఘనమైన కాలనీలు. ఆయమ్మ తమ్ముడు ఇటుకల కుప్ప మీద కూర్చుని మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. చేతిలో కొరికి తెంపిన తాడు ముక్క ఉంది. “అక్కా, నిన్న మాపటికే తెంపుకొని పోయిండే. మస్తు దేవులాడిన.” ఆయమ్మ చీర కొంగు నడుముకు చుట్టి, ఇసుక కుప్పల మధ్య నుంచి, నీళ్ల తొట్ల పక్క నుంచి “దొరా! ఓ దొరా!” అని పిలుచుకుంటూ నడిచింది. తాపీ పనివాళ్లు తలలెత్తి చూశారు. నేనూ పిలిచాను. జీవితంలో మొదటిసారి ఒక కుక్క నా దగ్గరికి రావాలని కోరుకున్నాను. పొద్దు వాలేదాకా ఎన్ని కుక్కలు వచ్చాయో, వాటిలో దొర లేడు. తిరుగు దారిలో ఆటోలో ఆయమ్మ, “నువ్వెందుకు సారూ గింత తక్లీబ్ పడ్తవ్? నీదేం బోయింది?” అంది. నా చెయ్యి చొక్కా లోపల సలుపుతోంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆవిడ ఏడుస్తోంది. ఇప్పుడు నీ దొర నన్ను కరిచాడమ్మా అంటే ఆ తప్పు కూడా ఆవిడ నెత్తికెత్తుకుంటుంది. నోరు మూసుకున్నాను. నేను సరైన కారణానికి నోరు మూసుకున్నది అప్పుడొక్కసారే అనుకుంటాను, అదీ తప్పే.

శుక్రవారం పొద్దున గేటు దగ్గరే తాళాల చప్పుడు. పక్కన క్వశ్చన్ పేపర్. కళ్లద్దాల వెనక కళ్లు ఎర్రగా ఉన్నాయి. “సారీ సార్. నేనే చెప్పేశాను” అంది. “ట్యాంకు దగ్గర మీరు చెయ్యి కడుక్కోవడం పోయిన శుక్రవారం ఆటో కోసం ఆగినప్పుడు చూశాను. పావుగంట కడిగారు సార్. మీరే చెప్తారని రోజూ చూశాను. దొర కూడా వెళ్లిపోయేసరికి భయమేసింది సార్. ఏడో సూత్రం మీరే కదా సార్ రాయించారు?” తాళాల సార్ నా చెయ్యి పట్టుకున్నారు. కుడి చేతి బొత్తాం విప్పి, చొక్కా మోచేతి దాకా తోశారు. చూశారు. కోప్పడతారని కళ్లు మూసుకున్నాను. “కారెక్కు” అన్నారు.

కారు హబ్సిగూడ దాటింది. తాళాల రింగు ఆయన ఒళ్లో చప్పుడు లేకుండా పడి ఉంది. ఉద్యోగం ఎలాగూ పోయింది, ఆ సంగతి దవాఖానాకు వెళ్లేటప్పుడు చెప్తారా, వచ్చేటప్పుడు చెప్తారా అని ఆలోచిస్తున్నాను. సిగ్నల్ దగ్గర కారు ఆగింది.

“మా తమ్ముడు గూడ చెప్పలే” అన్నారు, ముందుకే చూస్తూ. “పదకొండేండ్లు. నాయిన కొడ్తడని భయపడ్డడు. అంగి చేతులు కిందికి గుంజుకొని తిరిగిండు. మాకు తెలిసేసరికి అయిపోయింది.”

పచ్చ సిగ్నల్ పడింది. వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. ఆయన కారు కదిలించలేదు.

“గందుకే గీ సదువు పెట్టిన. ఒక్క పోరగాడన్న దాచకుంట ఉంటడని. సదువు చెప్పెటోనివి నువ్వే దాస్తివి.”

నాకు ఆ కారులోంచి దిగి ఎటైనా పారిపోవాలనిపించింది. కరపత్రం కోసం అనుకుని నవ్వుకున్న నా తెలివికి సిగ్గేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ అలాగే ఉంది, పావుగంట సబ్బుతో కడిగినా పోయేది కాదు.

దవాఖానాలో డాక్టరమ్మ గాయం చూసి, ఏడు రోజులని విని, “ఏం చదివినవ్ బాబూ?” అంది. “బీఎస్సీ మేడం. జువాలజీ.” “ఏం పని చేస్తవ్?” నేను తాళాల సార్ వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. “పిల్లలకు... పెంపుడు జంతువుల సంరక్షణ చెప్తా మేడం.” డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆవిడ తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను, అన్నీ న్యాయమైనవే. గాయం చుట్టూ ఒక మందు ఎక్కించి, చేతికి టీకా వేసి, మిగతావి ఏయే రోజుల్లో వేయించుకోవాలో చీటీ రాసిచ్చింది. బొడ్డు జోలికి ఎవరూ రాలేదు. మా చిన్నాయన మీద నాకు విపరీతమైన కోపం వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు ధైర్యం చేసి, “సార్, నా ఉద్యోగం...” అన్నాను. “రేపు శనివారం. ఆఖరి పీరియడ్ నీదే” అన్నారాయన. “గీ ముచ్చటే చెప్పు. నీ ముచ్చటే. ఒక్కటి గూడ దాచకు.” కారు దిగేటప్పుడు, “దొరను నేనే పంపించిన. దొరుకుతడో లేదో” అని గొణిగారు.

శనివారం చొక్కా చేతులు పైకి మడిచి నలభై మంది ముందు నిలబడ్డాను. రిహార్సల్ నుంచి దమ్మాయిగూడ దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. పైపెదవి ఎత్తిన చోట నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. గోడ మీద షీటులో మూడు రోజుల గడులు ఖాళీగా ఉన్నాయి. అందరం వాటి వైపే చూస్తూ కూర్చున్నాం.

ఆదివారం మధ్యాహ్నం తాళాల సార్ నుంచి అక్క ఇంటి పక్క ఎస్టీడీ బూత్‌కు ఫోన్ వచ్చింది. ఒక్కటే మాట. “వచ్చిండు.” నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా చిల్కానగర్ నుంచి నాచారం ఉరికాను. బడి మెట్ల మీద దొర పడుకుని ఉన్నాడు. దుమ్ము కొట్టుకుపోయి, ఒక చెవి చిరిగి, మెడకు సగం తాడుతో. దమ్మాయిగూడ నుంచి ఏ దారిన వచ్చాడో వాడికే తెలియాలి. ఆయమ్మ పక్కన కూర్చుని తడిగుడ్డతో వాడి కాళ్లు తుడుస్తూ ఒకే మాట పదే పదే తిడుతోంది, ఏడుస్తూ నవ్వుతూ. రెండు గజాల అవతల గోడవారగా తాళాల సార్ నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో తాళాలు లేవు, నీళ్ల గిన్నె ఉంది. గిన్నె కింద పెట్టి కాలితో కొంచెం ముందుకు జరిపారు. దొర లేచి వచ్చి తాగాడు. చప్పుడు చేస్తూ, అడుగంటా తాగాడు. ముగ్గురం గుళ్లో నిలబడ్డట్టు నిలబడి చూశాం.

సోమవారం పదో రోజు. గడులు నింపాక క్వశ్చన్ పేపర్ షీటును గోడ మీద నుంచి విప్పి, చుట్టి, నా చేతికిచ్చింది. “వెనక కూడా చూడండి సార్” అని పారిపోయింది. వెనక పెన్సిల్‌తో ఇంకో పట్టిక గీసి ఉంది. పైన శీర్షిక ‘సార్’. అవే గడులు. తిన్నారా, నీళ్లు తాగారా, చొంగ కారుతోందా, నడక, గొంతు. వంతులవారీగా రకరకాల చేతిరాతలు. ‘శనివారం: నీళ్లు నాలుగు గ్లాసులు. చొంగ లేదు.’ ‘సోమవారం: గొంతు మారలేదు, ఎప్పటిలాగే అరిచారు.’ ‘మంగళవారం: అన్నం తినలేదు. ఆయమ్మ గది దగ్గర ఏడ్చారు.’ ‘గురువారం: ఆఖరి పీరియడ్‌లో కనపడలేదు. మాకు భయంగా ఉంది.’ చివరి గడిలో గుండ్రటి అక్షరాలతో ‘పదో రోజు: ఇద్దరూ నీళ్లు తాగారు. ఇద్దరూ బాగున్నారు.’

మిగతా సూదులన్నీ తప్పకుండా వేయించుకున్నాను. దొర ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, ప్రతి యాన్యువల్ డేకీ మెడలో రిబ్బనుతో ముందు వరసలో కూర్చున్నాడు. ఇప్పుడు నాకు తల నెరిసింది, పాఠాలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది, నిజంగానే షుగర్ కూడా వచ్చింది. ఆ షీటు మడతల్లో చిరిగిపోయినా బీరువాలో ఉంది. ఏ సంవత్సరమైనా తొమ్మిదో తరగతి పిల్లలకు ఏడో సూత్రం చెప్పాల్సి వస్తే దాన్ని రెండువైపులా చూపిస్తాను. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఈ వయసులోనూ నాలుగు రోజులు వాయిదా వేస్తాను. అప్పుడు ఎక్కడి నుంచో రెండు జడల పిల్ల కళ్లద్దాలతో నా బొత్తాల వైపు చూస్తున్నట్టుంటుంది. నవ్వుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, ఒక గ్లాసు నీళ్లు తాగి బయల్దేరతాను.